పెరటాసి శనివారం కోడికూర

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు, చిత్తూరులో మూతపడ్డ ఒక బెల్లం గోడౌనులో, స్పెషల్ బ్రాంచి డీయస్పీ ధనంజయ ఒక చిన్న పుస్తకాన్ని బల్ల మీద పడేశాడు.

"చదువు, జయరావ్."

జయరావు చదివాడు. 'సింహళంలో సెలవులు: ఎక్కడ తినాలి, ఏమి తాగాలి'. పదహారు పేజీలు. కొలంబోలో దోసె ఎక్కడ మెత్తగా ఉంటుంది, క్యాండీలో కాఫీ ఎక్కడ చిక్కగా ఉంటుంది, సముద్రపొడ్డున ఏ అంగడిలో లేత టెంకాయ నీళ్ళు తియ్యగా ఉంటాయి, అన్నీ రాసి ఉన్నాయి.

నాలుకకు రుచి పోయి ఏడాదిన్నర అయిన మనిషి చేతికి తిండి పుస్తకం ఇవ్వడం ధనంజయకే చెల్లింది. నలభై రెండులో జపాను బాంబులకు రంగూన్ వదిలి నడిచి వస్తూ జయరావు భార్య భారతమ్మ, నాలుగేళ్ళ కూతురు దారిలోనే పోయారు. అప్పటినుంచి అతనికి ఆకలి వేస్తుంది, కడుపు నిండుతుంది, అంతే. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. డిపార్టుమెంటుకు మాత్రం అది బాగా కలిసొచ్చింది. ఎదురుగా తుపాకీ పెట్టినా గుండె వేగం పెరగని ఏజెంటు ఊరికే దొరుకుతాడా!

"ఈ యుద్ధంలో సిలోనుకు సెలవులకు పోయేదెవరు సార్?"

"టీ తోటల గుమాస్తాలు, సిపాయిలు. వారానికొక ఎడిషను. ప్రతి శనివారం పొద్దున రేణిగుంట జంక్షన్ బుక్‌స్టాల్లో అమ్మకం. అయిదో పేజీలో ఒక లైను కోడ్. కూర అంటే ఓడ. టైము అంటే టైమే. ఎవడో ఒకడు కొంటాడు. మధ్యాన్నం ఒంటిగంటకు వైర్‌లెస్‌లో రంగూన్‌కు కొడతాడు. ఇప్పటికి రెండు ఓడలు మునిగినాయి. ఆ ఎవడో ఎవడనేది మాత్రం మనకు తెలీదు."

"రాసేది?"

ధనంజయ ఒక ఫొటో తోశాడు. పుత్తూరు శకుంతలమ్మ. నాటకాల్లో చిత్రాంగి వేషం కట్టి నాలుగు జిల్లాలను నిద్రపోనివ్వని మనిషి. ఇప్పుడు మద్రాసులో ఆఫీసర్ల పార్టీల్లో పాడుతోంది.

"సిల్వా అని పోర్చుగీసు పాస్‌పోర్టువాడు ఆమెకు బాసు. మూణ్ణెల్ల నుంచి మనకూ కబుర్లు పంపిస్తా ఉండాది. రెండు పడవల మీద కాళ్ళు. అయితే ఈ వారం మాత్రం మనదే."

"ఎందుకు?"

"రేపు మధ్యాన్నం రెండు గంటలకు మద్రాసు రేవు నుంచి కొలంబోకు బయల్దేరే ఓడలో ఎనిమిది వందల మంది ఉండారు. అందులో వంటోడు పెంచలయ్య ఆమె తమ్ముడు. టైము మార్చి రాస్తే సిల్వాకు ఇంకో దారిలో తెలిసిపోతుంది, ఆమె తల ఉండదు. అందుకని నిజమే రాసి, మనకొక చీటీ పంపింది. 'అయిదో పేజీ చదివేవాళ్ళ మొహాలు చూడండి'. దాని అర్థమేందో నాకు అంతుపట్టలా."

"ఓడను ఆపకూడదా?"

"ట్రంక్ కాల్ చేసినా. తిండి పుస్తకాలు చూసి ఓడలాపం అన్నాడు దొర."

జయరావు అయిదో పేజీ తిప్పి పైకి చదివాడు. "పెరటాసి రెండో శనివారం మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు రేవు పక్కన నీలకంఠ విలాస్‌లో కోడికూర భోజనం తప్పక చేయవలెను. పిదప నిమ్మసోడా."

ధనంజయ మొహం చిట్లించాడు. "థూ! పెరటాసి శనివారం కోడికూరా? మా అమ్మ వింటే గడప తొక్కనీదు."

పెరటాసి నెల వస్తే ఆ సీమలో నీసు వండే కుండ అటక ఎక్కుతుంది. శనివారాలైతే నామం పెట్టి, గోవిందుణ్ణి తలిచి, ఒంటిపూట భోజనం. ఆ మాట ఆ ప్రాంతంలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆమె చెప్పేది అదే సార్," అన్నాడు జయరావు. "ఇక్కడ పుట్టినోడు ఎవడైనా మీ మాదిరే మొహం పెడతాడు. పెట్టనోడు మనవాడు కాదు."

ధనంజయ ఆమె చీటీని ఇంకోసారి చదివి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక ఫౌంటెన్ పెన్ తీసి ఇచ్చాడు. మూత ఎడమకు తిప్పితే బ్లేడు బయటికొస్తుంది. కుడికి తిప్పితే సిరా కారుతుంది. రెంటిలో ఏది ఎప్పుడొస్తుందో కనిపెట్టినవాడికే తెలియదని చెప్పలేదు.

మర్నాడు పొద్దున రేణిగుంట బుక్‌స్టాల్లో, స్టాలు నడిపే గోవిందయ్య పక్కన, తెల్లగడ్డం అంటించుకుని, దారం చుట్టిన కళ్ళజోడుతో జయరావు కూర్చున్నాడు. ఎవరడిగినా గోవిందయ్యకు మామనని చెప్పాలి.

మొదట ఒక టీ తోట గుమాస్తా వచ్చాడు. అయిదో పేజీ దగ్గర ఆగాడు. "ఏందప్పా ఇది? పెరటాసి శనివారం నీసు తినమని రాస్తారా? వీడి చేతులిరగ!" పుస్తకాన్ని విసిరి పోయాడు. ఆ వెనక వచ్చిన సాయిబు ఒకడు ఆ పేజీ చూసి పగలబడి నవ్వాడు. "గోవిందయ్యా, నిన్ను ఈరోజు ప్లాట్‌ఫారం మీదే తంతారు సూడు!" కొండకు పోతున్న తాయమ్మ అనే ముసలామె మనవడి చేత చదివించుకుని, గోవిందయ్యకు ఏడు తరాలకూ సరిపడా శాపనార్థాలు పెట్టింది. గోవిందయ్య చెమట తుడుచుకున్నాడు.

"మామా, ఇంకెంత సేపు? నా అంగడి ఇంక ఉండాదంటావా?"

"ఉంటాది. కూర్చో."

పదకొండు గంటలకు దాసరి ఒకడు వచ్చాడు. నిలువు నామం, పసుపు పంచె, చేతిలో నామాలు పెట్టిన పెద్ద ఇత్తడి బిందె. "గోవిందా గోవింద!" అన్నాడు. గొంతు బాగుంది. పుస్తకం తీసి నేరుగా అయిదో పేజీ తిప్పాడు. ఆ లైను కింద బొటనవేలు రెండుసార్లు జరిగింది. మొహంలో ఏమీ కదల్లేదు. అంత కదలిక లేని మొహాన్ని జయరావు రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. దాసరి డబ్బులిచ్చి తిరుపతి బండి ఎక్కాడు.

జయరావు పక్క పెట్టెలో ఎక్కాడు. అతని వెనక మఫ్టీలో ఇద్దరు కానిస్టేబుళ్ళు.

తిరుపతిలో ఒక సత్రం మేడ మీద చివరి గది దాసరిది. తలుపు లోపల గడియ పడింది. పన్నెండూ యాభై ఆరు. జయరావు డాబా మీద నిలబడి చుట్టూ చూశాడు. దండెం మీద రెండు పసుపు పంచెలు ఆరుతున్నాయి. ఎర్రటి ఎండ. పంచెలు ఎప్పుడో ఎండి అప్పడాలయ్యాయి, అయినా తియ్యలేదు. వాటిని పక్కకు జరిపాడు. బట్టలారేసే తాడు కాదది, వైర్‌లెస్‌కు కట్టిన రాగి తీగ. ఒక కొస గది కిటికీలోకి పోయింది.

లోపల టిక్ టిక్ మొదలైంది.

జయరావు పెన్ను ఎడమకు తిప్పాడు. సిరా కారింది. అరచెయ్యి నీలమైంది. కుడికి తిప్పాడు. బ్లేడు వచ్చింది. అతను కొయ్యడమూ, గుళ్ళో ఒంటిగంట కొట్టడమూ ఒక్కసారే అయ్యాయి. తీగ తెగి పంచెలతో సహా కింద పడింది. లోపల టిక్ టిక్ ఇంకా సాగింది, గాలితో మాట్లాడుతున్నట్టు. తర్వాత ఆగింది.

తలుపు తెరుచుకుంది. పిస్తోలు పేలింది. జయరావు ఎడమ భుజంలో ఏదో పొడిచినట్టయింది. నొప్పి మాత్రం లేదు. అలాగే ముందుకు నడిచి ఆ చెయ్యి పట్టుకుని గోడకేసి కొట్టాడు. కానిస్టేబుళ్ళు మీద పడ్డారు. బోర్లించిన ఇత్తడి బిందె కింద వైర్‌లెస్ సెట్టు దొరికింది.

"తమరికి ఎట్లు తెలిసినది?" అన్నాడు దాసరి. ఎక్కడో బళ్ళో కూర్చుని నేర్చుకున్న తెలుగు.

"పొద్దున్నుంచి ఆ పుస్తకం చదివి నోరు మెదపనోడివి నువ్వొక్కడివేనప్పా," అన్నాడు జయరావు.

రెండు గంటలకు ఓడ బయల్దేరింది. సాయంత్రానికి మద్రాసులో సిల్వా కూడా దొరికాడు. అయినా ఓడ చేరిందా లేదా అన్న కబురు యుద్ధకాలంలో ఎవరిస్తారు? శకుంతలమ్మ రోజుకు రెండుసార్లు ధనంజయకు ఫోను చేసింది. ఆయన ప్రతిసారీ తెలీదనే చెప్పాడు.

పదిహేనో రోజున ఆమె, ధనంజయ ఆచూకీ చెప్పగా, జయరావును వెతుక్కుంటూ పుత్తూరు వచ్చింది. గుండు తగిలి విరిగిన భుజానికి, ఎముకల కట్టుకు పేరుపడ్డ ఆ ఊళ్ళో కట్టు కట్టించుకుని జయరావు అక్కడే ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె మొహాన పౌడరు లేదు, చేతిలో కవరు ఉంది. చించలేదు.

"అన్నా, నువ్వే సదువు. నాకు చేతులు ఆడటం లేదు."

జయరావు ఒంటి చేత్తో చించాడు. సెన్సారువాళ్ళు రెండు లైన్లు నల్లగా పూశారు. మిగతాది చదివాడు.

"అక్కా, నేను క్షేమం. నీ పుస్తకం మా వంటింట్లో ఒకడి దగ్గర ఉండె. నువ్వు రాసిన నీలకంఠ విలాస్ నిమ్మసోడా కోసరం నేను, ఇంకా ముగ్గురు ఎండలో నాలుగు వీధులు తిరిగినాము. అట్లాంటి హోటలే యాడా లేదు. కడాకు టెంకాయ నీళ్ళు తాగి వచ్చినాము. ఊరు చూడకుండా పుస్తకాలు ఎందుకు రాస్తావు? నలుగురిలో నాకు తలవంపులాయ."

శకుంతలమ్మ నవ్వింది. నవ్వుతూనే అరుగు మీద కూలబడి ఏడ్చింది. "తిరిగినాడంట అన్నా, నాలుగు వీధులు! ఎండలో తిరిగినాడంట!"

బర్మా దారి నుంచి జయరావుకు ఇట్లాంటి ఉత్తరం ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ తెలుసు. ఇప్పుడు గుచ్చుకుంది. దాంతోపాటు భుజం కూడా సలపడం మొదలుపెట్టింది. పళ్ళు బిగించాడు.

"నొప్పిగా ఉండాదా అన్నా?"

"ఉండాదమ్మా," అన్నాడు, కాస్త ఆశ్చర్యంగా. ఉత్తరం మడిచి ఆమెకు ఇచ్చాడు. "తమ్ముడికి జవాబు రాయి. రెండో కూర్పులో ఆ హోటలు తీసేస్తామని."