పంతొమ్మిదో రిఫరెన్సు

"మీకు అప్పజెప్పింది కామాలు, ఫుల్‌స్టాపులు దిద్దమని. మీరేమో తీరిగ్గా కూర్చుని చదువుతున్నారేమిటి?"

మెడికల్ కాలేజీ లైబ్రరీ మొత్తం తలలెత్తి చూసింది. పిల్లల డాక్టరు ఎవర్నీ లెక్కచేయలేదు. ఆమె చూపంతా లైబ్రేరియన్ చేతిలోని కాగితాల మీదే ఉంది. అవి ఆమె రాసిన పరిశోధన వ్యాసం తాలూకు కాగితాలు. పైగా అంచుల్లో పెన్సిలు గీతలు కూడానూ!

"చదివితే అరిగిపోతుందా డాక్టరుగారూ?" అన్నాడతను తాపీగా.

"అరగదు, ఎగిరిపోతుంది. ఒకసారి అలాగే ఎగిరిపోయింది."

అబద్ధమేం కాదు. వెనకటి ఆసుపత్రిలో ఓ సీనియరు "చూసిస్తానమ్మా" అని ఆమె వ్యాసం పట్టుకెళ్ళి, శుభ్రంగా తన పేరుతో అచ్చేయించుకున్నాడు. అప్పట్నుంచి లిఫ్టులో ఎవరైనా పలకరింపుగా నవ్వినా, వీడికేం కావాలో అని ఆలోచించే రకమైపోయింది. ఇంట్లో అక్క ఆమెకు 'అనుమానాల పుట్ట' అని పేరు పెట్టేసింది.

ఈ వ్యాసం కోసం ఆమె మూడేళ్ళు వార్డులో తిరిగింది. మూర్ఛలొచ్చే పిల్లలకు ఒక మందు సగం డోసు ఇచ్చినా చాలునని రాసింది. వైద్య పత్రికవాళ్ళు దాదాపు ఒప్పుకున్నారు. చివర ఇచ్చే ఆధారాల పట్టికను, అంటే రిఫరెన్సులను, తమ పద్ధతిలో సరిచేసి శుక్రవారం మధ్యాహ్నంలోగా పంపాలని, లేకపోతే వ్యాసం పక్కన పెట్టేస్తామని తేల్చి చెప్పారు. వాళ్ళ అంగీకార పత్రం చేతికొస్తేనే ఆమె ఉద్యోగం పొడిగిస్తారు. కాకపోతే నెలాఖరుకి సామాను సర్దుకోవడమే.

"ఆరుగురు రచయితల పేర్లు రాసి, ఏడో ఆయన దగ్గర 'తదితరులు' అనాలి. అంకెలు వరసలో ఉండాలి. ఉన్నవి నలభై మూడు. రెండు గంటల పని. మూడ్రోజుల్నించి ఏం చేస్తున్నారు?"

"పంతొమ్మిది దగ్గర ఆగిపోయాను."

"దానికేమైంది?"

"ఇంకా తెలీదండీ. తెలిశాక చెప్తాను."

ఆమె అతని కళ్ళలోకి గుచ్చి చూసింది. కళ్ళు బాగానే ఉన్నాయి. దొంగల కళ్ళు మాత్రం బాగుండవా ఏమిటి, అనుకుంది.

మర్నాడు బుధవారం. బయట వాన దంచేస్తోంది. డ్యూటీ మధ్యలో సందు చూసుకుని, గొడుగు కూడా మరిచి లైబ్రరీకి పరిగెత్తింది. తడిసి ముద్దయిన ఆమెను చూసి అతను చటుక్కున ఓ కాగితాన్ని సొరుగులోకి తోసేశాడు. తర్వాత తన తువ్వాలు అందించాడు. తువ్వాలు వెనక నుంచి ఆమె ఓరగా కంప్యూటరు వైపు చూసింది. ఎవరికో రాసిన మెయిల్. పైన ఆమె వ్యాసం పేరు. చివరి వాక్యం: 'నేను అడిగిన సంగతి దయచేసి ఎవరికీ చెప్పకండి.'

ఆమె తువ్వాలు బల్ల మీద పడేసి విసురుగా వచ్చేసింది. రాత్రి ఇంటికి చేరగానే అక్క దగ్గర వాపోయింది.

"అయిపోయిందక్కా! మళ్ళీ మోసపోయాను. నా వ్యాసం ఎవరికో అమ్మేస్తున్నాడు."

అక్క బట్టలు మడత పెడుతూ అడిగింది. "అమ్మేవాడు తువ్వాలెందుకు ఇచ్చాడే?"

"నన్ను మాయ చేయడానికి!"

"అయ్యో రామా! ఇంతకీ మనిషి బాగుంటాడా?"

"అక్కా!"

"బాగుంటాడన్నమాట," అంది అక్క.

గురువారం మధ్యాహ్నం ఆమె నేరుగా అతని బల్ల ముందుకెళ్ళి నిలబడింది. "నా ఫైలు నాకిచ్చేయండి. నేనే చేసుకుంటాను."

"సాయంత్రం దాకా ఆగండి."

"ఎందుకు? అవతలివాళ్ళ నుంచి జవాబు రావాలా? ఆ సొరుగులో ఏం దాచారు? తియ్యండి!"

అతను ఓ నిట్టూర్పు విడిచి సొరుగు తెరిచాడు. అందులోంచి ఒక కవరు తీసి ఆమె ముందు పెట్టాడు. "పొద్దున్నే వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక కూర్చున్నాను."

అది నలభై ఏళ్ళ నాటి వ్యాసం జిరాక్సు.

"మీ పంతొమ్మిదో రిఫరెన్సు ఇదే. మీరు 412వ పేజీ అని రాశారు. ఆ సంపుటి విషయసూచిక చూస్తే ఆ పేజీలో చెవిపోటు వ్యాసం ఉంది. మరో అయిదు వ్యాసాలు చూశాను, నిన్న సొరుగులోకి తోసింది వాటి జాబితానే. అన్నిట్లోనూ 412 అనే ఉంది. అసలుది 421. ఒకర్ని చూసి ఒకరు దించేశారు." ఒక్క క్షణం ఆగాడు. "మీరూ అసలుది చూడలేదు కదండీ?"

అతను గీత గీసిన చోట ఆమె చదివింది. రెండేళ్ళలోపు పసివాళ్ళకు సగం డోసు సరిపోలేదు, అని ఉంది. ఆమె మాత్రం సరిపోతుందని రాసి, పక్కన పంతొమ్మిది వేసింది. తన వార్డులో ఆ వయసువాళ్ళు తొమ్మిదిమందే, రుజువుకి చాలరు. ఈ ముక్క అచ్చయితే ఎక్కడెక్కడి డాక్టర్లో చంటిపిల్లలకు సగం మందే ఇస్తారు.

"ఆ మెయిలు..."

"మన దగ్గర సూచిక తప్ప ఆ సంపుటి లేదు. ఊళ్ళోనే పాత సంపుటాలున్న లైబ్రరీకి రాశాను. మీ పొరపాటు నలుగురి నోళ్ళలో పడకూడదని, ఎవరికీ చెప్పొద్దన్నాను."

"నాతో ముందే చెప్పొచ్చుగా?"

"నోటిమాటగా చెబితే నమ్మేవారా?"

నమ్మేది కాదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఆమె కుర్చీ లాక్కుని కూలబడింది. ఇంతవరకూ అక్కతో కూడా అనని మాట అతనితో అంది.

"చదవకుండా దించినవి ఇంకో పదకొండు ఉన్నాయి."

అతను వెక్కిరించలేదు. "చదువుదాం," అన్నాడు.

"రేపటికి అవుతాయా? పసివాళ్ళ ముక్క తీసేస్తే వ్యాసమే వద్దంటారేమో. ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు. మీ ఇష్టం డాక్టరుగారూ. ఈ ఒక్కటీ దిద్ది పంపమంటే ఇప్పుడే పంపేస్తాను."

ఆమె లేచి కీబోర్డు తన వైపు లాక్కుంది. జరిగిందంతా సంపాదకుడికి రాసి, వారం గడువు అడిగి, వెనకాడకుండా పంపేసింది. తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి తువ్వాలు అడిగి మరీ తీసుకుంది.

శుక్రవారం పొద్దున ఒక్క వాక్యం జవాబొచ్చింది: వారం ఇస్తున్నాం.

ఆ వారం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చదివారు. పంతొమ్మిది కొట్టేస్తే తర్వాతి అంకెలన్నీ ఒక మెట్టు దిగాయి. మరో రెండు కొట్టేస్తే మళ్ళీ దిగాయి. ఆమె చదువుతుంటే అతను దిద్దాడు. తలెత్తినప్పుడల్లా అతని చూపు తన మీదే ఉండటం ఆమె గమనించింది. ఎన్నిసార్లో లెక్క తప్పింది.

గడువు రోజున పంపారు. పది రోజులకు అంగీకార పత్రం వచ్చింది. ఆమె వార్డులోంచి స్టెతస్కోపు మెడలో ఊగుతుండగానే పరిగెత్తుకొచ్చింది.

"ఒప్పుకున్నారు! ఉద్యోగం ఉంది!"

అతని మొహం వెలిగిపోయింది. ఆమె మాత్రం నవ్వు బిగబట్టి, కళ్ళు చికిలించింది.

"మీ మీద ఇంకో అనుమానం మిగిలిపోయింది."

"ఇంకానా! ఏమిటండీ?"

"నేనంటే మీకు ఇష్టమేమోనని."

అతని చేతిలోని పెన్సిలు జారి కింద పడింది. తీయడానికి వంగలేదు. "నిజమే," అన్నాడు. "చాలా ఇష్టం."

"హమ్మయ్య! జీవితంలో మొదటిసారి నా అనుమానం నిజమై సంతోషమేసింది. నాకూ ఇష్టమే." తల వంచుకుని, గబగబా అనేసింది. "ఆదివారం ఇంటికి రండి. అక్క అప్పుడే మిమ్మల్ని మరిదిగారూ అనేస్తోంది."