సువాసనలు మింగిన గుంత

నెరీనా పొయ్యి ముందు కూర్చుని చెస్ట్‌నట్ కాయలకు ఒక్కొక్కదానికీ కత్తితో గాటు పెడుతోంది. గాటు లేకపోతే అవి పెనం మీద టపాకాయల్లా పేలతాయి. పనసగింజలంత ఉండే ఆ కాయలు కాలుతుంటే వీధి చివరిదాకా కమ్మని వాసన వెళ్ళాలి. కానీ ఆ రోజు కాయలు నల్లబడ్డా వాసన రాలేదు. నోట్లో వేసుకుంటే గుడ్డపీలిక నమిలినట్టుంది.

ఇటలీ దేశపు కొండల నడుమ మోంతెఫోల్యా అనే ఊరికి వచ్చిన కష్టం అదే, పిల్లలూ! ఐదు రోజులుగా ఆ లోయలో ఏ తిండికీ వాసన లేదు, రుచి లేదు. ద్రాక్షకోతలు అయిపోయి ఆకులు ఎర్రబడే ఆ రోజుల్లోనే అక్కడ పెద్ద సంత జరుగుతుంది. కొండవాళ్ళు గొర్రెపాల చీజ్, తేనె, కొత్త ద్రాక్షరసం అమ్ముకుని, చలికాలానికి ఉప్పూ పిండీ తెచ్చుకుంటారు.

"ఆదివారానికి వాసనలు తిరిగి రాకపోతే ఈ ఏడు సంత లేదు," అని కోట ప్రభువు చాటింపు వేయించాడు. అప్పటికే శుక్రవారం.

నెరీనా తాత బాల్డోది ట్రఫుల్స్ తవ్వే పని. అవి ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలో దాగి పెరిగే పుట్టగొడుగులు. కుక్క లూపా వాసన పట్టి చూపిస్తే ఆయన చిన్న పారతో తవ్వి తీస్తాడు. తీశాక గుంత పూడ్చి, పైన ఆకులు కప్పిగానీ కదలకూడదని ఆ కొండల్లో కట్టుబాటు. వాసనలు పోయిన రోజు నుంచీ ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"తాతయ్యా, అడవికి వెళ్ళి ఏమైందో చూసొస్తాను."

"నీకేం తెలుసే అడవి? అక్కడ జంతువులు కూడా ఎదురు ప్రశ్నలేస్తాయి!"

"నువ్వూ వేస్తావుగా. అలవాటే," అని నెరీనా నవ్వి బయలుదేరింది. లూపా వెంట నడిచింది. దాని ముక్కు పని చేయకపోయినా, కాళ్ళకు పాత దారులు గుర్తున్నాయి.

వాగు దగ్గర ఎద్దంత ముళ్ళపంది అడ్డం వచ్చి మూడు చెస్ట్‌నట్ కాయలు ముందుకు దొర్లించింది.

"వీటిలో పురుగున్నదేదో చెప్పు. తప్పు చెప్పావో, నీ వీపు నిండా ముళ్ళు నాటుతాను!"

నెరీనా మూడింటినీ వాగునీళ్ళలో వేసింది. రెండు మునిగాయి, ఒకటి తేలింది.

"తేలినదాన్నే పురుగు తొలిచింది. మా ఇంట్లో రోజూ చేసే పనే ఇది."

"అబ్బో! వెళ్ళు వెళ్ళు," అని ముళ్ళపంది పక్కకు జరిగింది.

ఇంకొంత పైకి ఎక్కేసరికి పొగమంచు అవ్వ తన తెల్లని జుట్టు దారినిండా పరిచి కూర్చుంది. కాళ్ళ కింది నేల కూడా కనబడలేదు.

"ఒక్క అడుగు వేశావంటే లోయలో పడతావు. వెనక్కి పో పిల్లా!"

"వేయనులే అవ్వా. నీ జుట్టంతా చిక్కుపడిందే, తీయనా?"

నెరీనా అక్కడే చతికిలబడి, తొందరపడకుండా ఒక్కొక్క పాయే విడదీసింది. చిక్కు వీడినకొద్దీ మంచు పలచబడింది. మధ్యాహ్నానికి అవ్వ గురక పెట్టింది, దారి తెరుచుకుంది.

లూపా నేరుగా ఒక ఓక్ చెట్టు కిందికి వెళ్ళి ఆగింది. అక్కడ పూడ్చని గుంత నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి గుమ్మడికాయంత ముక్కు బయటికి వచ్చి, లోయలోని గాలినంతా పీలుస్తోంది.

"ఎవరది? నేను బిలరాక్షసుణ్ణి!"

"నేను నెరీనాని. మా వాసనలు మాకిచ్చెయ్."

"మూత లేని గిన్నెలో ఎవరైనా ముక్కు పెడతారు. ఎవడో తవ్వుతూ ఇంకొకడి అడుగుల చప్పుడు విన్నాడు. తన ట్రఫుల్స్ దొరికే రహస్య చోటు వాడికి తెలిసిపోతుందని గుంత వదిలేసి పరిగెత్తాడు. వాడి పేరు చెప్పు. వాణ్ణి మింగి, వాసనలు వదిలేస్తాను."

నెరీనా గుంత అంచు చూసింది. మట్టిలో పార గుర్తు ఉంది, ఒక మూల విరిగిన పార. అలాంటిది వాళ్ళ ఇంటి తలుపు వెనకే ఉంటుంది. అది తాతదే. ఆమె ముక్కు వైపు తిరిగింది.

"పేరు తింటే నీ కడుపు నిండదు. సరేగానీ, ఇన్ని వాసనలు పీల్చావే, ఏది ఏమిటో తెలిసిందా?"

రాక్షసుడి ముక్కు వాలిపోయింది. "లేదు. అన్నీ కలిసిపోయి ఒకటే తలనొప్పి."

"అయితే వదిలెయ్. ఏటా సంతలో కాల్చే మొదటి పెనం కాయలు వేడివేడిగా తెచ్చి ఈ చెట్టు కింద, నీ నెత్తిమీది మట్టిలో పాతిపెడతాం. ఒక్క వాసనే, పూర్తిగా నీది."

"మాట తప్పరుగా?"

"ఈ గుంత పూడ్చే చేతుల మీద ఒట్టు."

రాక్షసుడు ఆలోచించాడు. తర్వాత కొండ అదిరేలా తుమ్మాడు! తడిమట్టి, తేనె, చీజ్, ద్రాక్షరసం, చివరికి లూపా తడిబొచ్చు వాసనతో సహా అన్నీ ఒకదాని వెనక ఒకటి లోయలోకి పరిగెత్తాయి. నెరీనా రెండు చేతులా మట్టి తోసి గుంత పూడ్చి, ఆకులు కప్పింది.

ఆమె కొండ దిగేసరికి ప్రభువు స్వయంగా ఎదురొచ్చి, ఎర్రని ద్రాక్షాకుల కిరీటం ఆమె తలపై పెట్టాడు. "ఇకపై నీ పొయ్యి మీద మొదటి పెనం దిగాకే ఈ సంత మొదలవుతుంది!" అన్నాడు.

ఆదివారం ఉదయం ఇల్లంతా కమ్మని వాసన. వీధిలో బండ్ల చప్పుడు, బేరాలు, పిల్లల కేకలు. నెరీనా కాలిన కాయలను గుడ్డలో పోస్తూ జరిగిందంతా చెప్పింది. బాల్డో తాత గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"గుంత అంచున... పార గుర్తేమైనా ఉందా తల్లీ?"

"ఉందేమో తాతయ్యా. పూడ్చేశానుగా, ఇక ఎవరికీ కనబడదు."

తాత లేచాడు. తలుపు వెనక నుంచి మూల విరిగిన పార తీసుకున్నాడు. వేడివేడి కాయల మూట చంకన పెట్టుకుని, టోపీ సర్దుకుని, గడప దాటి అడవిలోని ఆ ఓక్ చెట్టు వైపు నడిచాడు.