ఇంకో చుట్టు

మెకానిక్ మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన రోజు అతనికి టీ ఇవ్వడం ఎవరివల్లా కాలేదు. టీ లేక కాదు, ఫ్లాస్కు నిండా ఉంది. మూత రాలేదు.

ముందు నాయనమ్మ తిప్పి చూసింది. తర్వాత నాన్న భుజం నొప్పి సంగతి మరిచిపోయి తిప్పాడు, వెంటనే గుర్తొచ్చి కూర్చున్నాడు. చివరికి వచ్చినవాడి చేతికే ఇచ్చారు. ట్రాక్టరు చక్రాల నట్లు విప్పే మనిషికి ఫ్లాస్కు మూత ఒక లెక్కా అన్నట్టు మెకానిక్ నవ్వుతూ అందుకున్నాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు.

అప్పుడు చేలోంచి అమ్మాయి వచ్చింది. మోకాళ్ళ దాకా మట్టి. ఎవరినీ ఏమీ అడక్కుండా ఫ్లాస్కు లాక్కుని, మూత ఒక్క తిప్పు తిప్పి, కప్పులో టీ పోసి అతని ముందు పెట్టింది. మళ్ళీ మూత పెట్టి బిగించింది. బిగించాక ఇంకో చుట్టు బిగించింది.

అతను తన చేతివంకే చూస్తున్నాడని అమ్మాయి గమనించింది. మట్టి ఉందేమోనని చూసుకుంది. ఉంది. ఉంటే ఉందిలే అనుకుంది.

ఈ ఇంకో చుట్టు వాళ్ళ ఇంటి జబ్బు. తాతగారి హయాంలో ఓసారి ట్రాలీ చక్రం నట్టు వదులైంది. చక్రం ఒక దారి, ట్రాలీ ఒక దారి పట్టి, ఆ ఏటి విత్తనాలన్నీ కాలవలో పడ్డాయి. మనుషులకేం కాలేదు. చేపలు మాత్రం ఆ ఏడు బాగా బలిశాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ ఇంట్లో ఏది బిగించినా, బిగిసిందనుకున్నాక ఇంకో చుట్టు వెయ్యాల్సిందేనని తాతగారు ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారు. తాతగారు పోయారు, ఒట్టు ఉండిపోయింది. నాన్నకు వచ్చింది. కిందటేడు నాన్న భుజం పట్టేశాక, పొలంతో పాటు అమ్మాయికి వచ్చింది.

పొలమంటే ఎంతో అనుకునేరు. ఇంటి వెనక కింది చేను, గట్టు దాటితే పై చేను. ఓ పాత ట్రాక్టరు, అంతకన్నా పాత విత్తే గొర్రు. చలి వెళ్ళి ఎండలు ముదిరేలోపు రెండు చేలల్లోనూ మొక్కజొన్న పడాలి. కింది చేనుతో చిక్కు లేదు. పై చేను బంకనేల. పదునులో ఉన్నప్పుడు విత్తుకుంటే బంగారం. ఒక్క గట్టి వాన పడిందా, ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడుతుంది. ఆ నేల ఆరేసరికి అదను దాటిపోతుంది.

అందుకే నాన్న ముందే ఒక మాట చెప్పాడు. వానలోపు పై చేను పడితే సరే. పడకపోతే రెండు చేలూ పక్క పొలం ఆయనకు కౌలుకిచ్చేద్దాం, ఆయన దగ్గర కొత్త యంత్రాలున్నాయి, నువ్వు హాయిగా టౌనుకెళ్ళి ఆ ఆఫీసు ఉద్యోగమే చేసుకో తల్లీ, అన్నాడు. కూతురి రెక్కలు విరిగిపోతున్నాయని ఆయన బాధ. అమ్మాయి ఆ ఉద్యోగం కొన్నాళ్ళు చేసే వచ్చింది. అక్కడ ఆమెకు గుర్తున్నది ఒక్క కుర్చీయే. వదులుగా ఉందని తనే బిగించింది. తర్వాత అది ఎటూ తిరగలేదు. ఆ కుర్చీలోకి మళ్ళీ వెళ్ళడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే ఉండేది.

ఇక గొర్రు సంగతి. చక్రం తిరిగితే చైను తిరుగుతుంది, చైను తిరిగితే పెట్టెలోని గింజలు గొట్టాల్లోంచి చాళ్ళలోకి జారతాయి. ఈ తిరుగుడంతా ఇరుసుకు పట్టి ఉంచేది వేలెడంత బోల్టు. అది విరిగితే ట్రాక్టరు దర్జాగా పోతూనే ఉంటుంది, గింజ మాత్రం పడదు. వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు లేనివాళ్ళు గాలిని విత్తుకుంటూ పోవాల్సిందే.

మొదటి రోజు విరిగింది ఆ బోల్టే. తుప్పు పట్టి విరిగింది, అందులో ఎవరి తప్పూ లేదు. మెకానిక్ కొత్తది వేసి బిగించి వెళ్ళాడు. అతని బండి మలుపు తిరిగాక అమ్మాయి పానా తీసి దానికి ఇంకో చుట్టు వేసింది. అతని మీద అపనమ్మకమేం కాదు. ఇంటి పద్ధతి.

ఆ బోల్టు కింది చేను సగంలో విరిగింది. మళ్ళీ వచ్చాడు, వేశాడు, వెళ్ళాడు. ఆమె ఇంకో చుట్టు వేసింది. మళ్ళీ విరిగింది. వచ్చిన ప్రతిసారీ అతను విరిగిన ముక్కను వెలుతురుకు పట్టి చూసేవాడు, అమ్మాయి చేతివంక చూసేవాడు, ఏదో చెప్పబోయేవాడు, చెప్పకుండా జేబులోంచి కొత్త బోల్టు తీసేవాడు.

“మీ షెడ్డులో పనేం లేదా?” అని ఓసారి అడిగింది.

“బోలెడు ఉందండి.”

“మరి ఫోన్ పెట్టేసేలోపే వచ్చేస్తున్నారు?”

“ఇటువైపే వస్తూ ఉన్నానండి,” అన్నాడు గొర్రు కింద నుంచి.

ఆ దారి వాళ్ళ వాకిట్లోనే ఆగిపోతుంది. అవతలికి వెళ్ళడానికి ఇంకేం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

నాయనమ్మ కళ్ళు మసకబారాయి కానీ చూడాల్సినవి బాగానే కనిపిస్తాయి. గొర్రు కింద మట్టిలో పొర్లేవాడికి ఇస్త్రీ చొక్కా దేనికే అని అడిగింది. నాకేం తెలుసు, వెళ్ళి అతన్నే అడుగు అంది అమ్మాయి. అన్న మనిషే, అతను వస్తున్నాడని తెలిసి మోకాళ్ళు కడుక్కుంది, మళ్ళీ చేలోకే దిగాలని తెలిసి కూడా. బోల్టు బిగించేటప్పుడు అతను నాలుక చివర పంటికింద పెట్టుకుంటాడు. అది చూడటం ఆమెకు అలవాటైపోయింది. అతను రాని రోజు పని బాగా సాగేది, పొద్దు మాత్రం సాగేది కాదు.

ఇలా కింది చేను నాలుగు రోజుల్లో అయ్యేది రెండింతలు పట్టింది. పడమట మబ్బులు మొదలయ్యాయి. పై చేలోకి గొర్రు దింపిన మొదటి చాలులోనే బోల్టు మళ్ళీ విరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ పూటే పక్క పొలం ఆయన నాన్నతో గట్టు మీద నడుస్తూ చేను ఈ చివర నుంచి ఆ చివరకు కంటితోనే కొలుచుకుంటున్నాడు.

అమ్మాయికి ఒళ్ళు మండింది. మెకానిక్ వచ్చి గొర్రు కింద దూరేదాకా ఆగింది.

“ఒక మాట అడుగుతాను. పని సగం చేసి వెళ్తున్నారా?”

“లేదండి.”

“మరి మీరు బిగించిందే ఎందుకు విరుగుతోంది? మళ్ళీ రావడానికేగా ఇదంతా?”

గొర్రు కింద చప్పుడు ఆగిపోయింది. అతను బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద గ్రీజు.

“రావాలని ఉన్న మాట నిజమేనండి,” అన్నాడు. “తప్పు నాదే.”

జేబులో ఉన్న బోల్టులన్నీ విత్తనాల పెట్టె మీద పెట్టి, ఇవి ఉంచండి, ఇక నేను రాను అని చెప్పి వెళ్ళిపోయాడు.

తెగేదాకా లాగావు కదే, అంది నాయనమ్మ. అమ్మాయి లెక్కలో న్యాయం తనవైపే ఉంది. ఉన్నా ఆ పూట అన్నం సయించలేదు.

తెల్లారి తనే బోల్టు వేసింది. కొన్ని చాళ్ళకే విరిగింది. ఇంకోటి వేసింది. అదీ అంతే. మబ్బు నడినెత్తికి వచ్చింది. చివరి బోల్టు పెట్టి, ఇది మాత్రం చచ్చినా కదలకూడదని బిగించి, ఇంకో చుట్టు వేసింది.

టక్ మంది. పానా చేతిలోకి ఊడి వచ్చింది, అందులో సగం బోల్టు.

అమ్మాయి దానివంక చూసింది. చక్రం తిరగలేదు. ట్రాక్టరు స్టార్టు కూడా చెయ్యలేదు. మెకానిక్ ఆ చుట్టుపక్కలెక్కడా లేడు. నేరం మోపడానికి తను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. ఆమె చాలు గట్టు మీద కూలబడి, నిన్న తనన్న మాటలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ వింది. వినడానికి అవేం బాగాలేవు.

మెకానిక్ షెడ్డు రోడ్డు మలుపులో ఉంది. ఆమె వెళ్ళేసరికి అతను నలిగిన చొక్కాలో ఎవరిదో పంపు విప్పుతున్నాడు. అమ్మాయి విరిగిన బోల్టు బల్ల మీద పెట్టింది.

“ఇది మీరు బిగించింది కాదు. నేను బిగించింది. బిగిస్తుండగానే విరిగింది.”

“తెలుసండి.”

“ఏం తెలుసు?”

“మరీ బిగిస్తే బోల్టు సాగుతుందండి. సాగి విరిగిన ముక్క చూస్తే తెలిసిపోతుంది. నేను రెండోసారి వచ్చినప్పుడే చూశాను.”

క్షమించమని అడగడానికే వచ్చింది పాపం. దారంతా మాటలు కూడబలుక్కుంది కూడా. అవన్నీ గొంతులోనే కోపంగా మారిపోయాయి. రెండోసారే తెలిస్తే చెప్పరేం అని అడిగింది.

మెకానిక్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు.

“చెబితే మీరు మానేస్తారు. మానేస్తే అది విరగదు. విరక్కపోతే నన్నెందుకు పిలుస్తారండి?” అని, గుడ్డ బల్ల మీద పెట్టి, “మిమ్మల్ని చూడకుండా ఉండటం నావల్ల కాలేదు,” అన్నాడు.

అమ్మాయితో అలాంటి మాట అంతకుముందెవరూ అనలేదు. తీరా అన్న రోజు చూస్తే నెత్తిన వాన మబ్బు, బల్ల మీద విరిగిన బోల్టు. దేనికైనా అదను ఉండాలి కదా.

“వానలోపు పై చేను పడకపోతే నాన్న పొలం కౌలుకిచ్చేస్తాడు,” అంది. “నేను టౌనుకెళ్ళిపోవాలి. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే చేను ఎప్పుడో పడేది.”

అతనికి అది తెలియదు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. బోల్టుల డబ్బా మొత్తం చంకన పెట్టుకుని బండి తీశాడు. విప్పిన పంపు విప్పినట్టే ఉంది. ఆ పంపు వాళ్ళు తర్వాత ఏమన్నారో ఈ కథకు అనవసరం.

చేలో అతను బోల్టు దూర్చి, పానా ఆమె చేతికిచ్చాడు. మీరే బిగించండి, చాలన్నప్పుడు ఆపండి, అంతే, అన్నాడు. ఆమె బిగించింది.

“చాలు.”

ఆగింది. చెయ్యి మాత్రం ఆగనంటోంది. తాతగారు, కాలవ, చేపలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె పానా కింద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఆ వసంతంలో ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది అదే.

“వదులుగా ఉన్నట్టుంది,” అంది.

“లేదండి.”

“ఊడిపోతే?”

“పక్కనే నడుస్తాను. ఊడితే పట్టుకుంటాను.”

ఆమె ట్రాక్టరెక్కింది. అతను గొర్రు పక్కన, గొట్టాల్లో గింజలు జారుతున్నాయో లేదో చూసుకుంటూ, పై చేను ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. మళ్ళీ నడిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. బోల్టునే చూస్తోందని చెప్పుకోవచ్చు. బోల్టు ఊడలేదు, విరగలేదు. చివరి చాలు తిప్పి గొర్రు పైకెత్తుతుంటే మొదటి చినుకు ఆమె ముక్కు మీద పడింది. తర్వాత అతని తల మీద, ఆ తర్వాత అందరి మీదా.

నాన్న గొడుగేసుకుని వచ్చాడు. విత్తిన చేను కలయజూసి, గొర్రు దగ్గర వంగి బోల్టు చూశాడు. బాగున్న చేత్తో పానా తీసుకున్నాడు.

“వద్దు,” అన్నారు ఇద్దరూ.

ఒకేసారి, ఒకే గొంతుతో అన్నారు. నాన్న కూతురివంక చూశాడు, మెకానిక్‌వంక చూశాడు. ఇద్దరూ నిలువునా తడుస్తూ ఆయన చేతిలోని పానావంకే చూస్తున్నారు. ఆయన దాన్ని మెల్లిగా కింద పెట్టేశాడు. నాన్న చేతుల్లో తాతగారి ఒట్టు తప్పడం అదే మొదలు.

“ఇద్దరిదీ ఒకే మాటైతే ఇక నేను చెప్పేదేముంది,” అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. “మొలకలు వచ్చాక చూడ్డానికి రా బాబూ. వచ్చేటప్పుడు మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా.”

మొలకలు చూడ్డానికి వాళ్ళెందుకండి అని మెకానిక్ అడగబోయాడు. అమ్మాయి మొహం చూసి అడగలేదు.

పై చేను చక్కగా మొలిచింది. కౌలు మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. మెకానిక్ ఇస్త్రీ చొక్కాలో, అమ్మానాన్నలతో వచ్చాడు. పెద్దవాళ్ళు గట్టు మీద కూర్చుని మొక్కజొన్న గురించి కాసేపు, మిగతా విషయాల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నాయనమ్మ సంచిలోంచి ఫ్లాస్కు తీసి చూస్తే అడుగున సంచంతా తడి. సగం టీ కారిపోయింది.

మూత ఎవరు పెట్టారే అంది నాయనమ్మ. నేనే అంది అమ్మాయి. చాలనుకున్న చోట ఆపేశాను మరి, అంది. మిగిలిన టీ పెద్దవాళ్ళకు సరిపోయింది. చివర మిగిలిన ఒక్క కప్పు చిన్నవాళ్ళిద్దరూ పంచుకున్నారు.

“ఫ్లాస్కుకి వెయ్యొచ్చండి,” అన్నాడు మెకానిక్ కప్పు ఆమెకు ఇస్తూ. “ఇంకో చుట్టు.”

“వేస్తే మీకు మూత రాదు.”

“మీరుంటారుగా.”

అమ్మాయి టీ తాగేసి ఫ్లాస్కు అందుకుంది. మూత పెట్టి బిగించింది. అతను చూస్తుండగానే ఇంకో చుట్టు వేసింది.