పద్నాలుగో ఎత్తులో రాజు

ఆ సాయంత్రం తాను పరుగెత్తారా, లేక కాస్త వేగంగా నడిచారా అన్న విషయాన్ని దైవాధీనం మాస్టారు చర్చించరు. అడిగినవాళ్ళ ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. అదే సమాధానం. మిగిలిన సంగతిని మాత్రం ఆయన దాచలేదు.

అరకులోయకు పైన, కాఫీతోటల నడుమ, పాత మేనేజరు బంగళా ఒకటుంది. మేనేజరు గణపతిరావుగారు పోయాక అందులో ఎవరూ దిగలేదు. పొద్దు వాలితే ఆ దారిన ఎవరూ నడవరు. వరండాలోంచి చిన్న చప్పుడు వస్తుందట — టక్... కాసేపు నిశ్శబ్దం... మళ్ళీ టక్. గచ్చు మీద చదరంగం పావు పెట్టిన చప్పుడు. గణపతిరావుగారు బతికున్నన్నాళ్ళూ అక్కడే కూర్చుని ఆడేవారు మరి.

మాస్టారికి చిన్నతనంలో చదరంగం నేర్పింది ఆయనే. తానాడిన నలభై ఒక్క ఆటలు, ఎత్తు ఎత్తునూ, ఆయన ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు. దాన్నిప్పుడు పుస్తకంగా వేయిస్తున్నది మాస్టారు.

చిక్కల్లా తొమ్మిది ఆటలతో వచ్చింది. వాటిలో ఎత్తులు తప్పు. అవి చేయి జారిన తప్పులు కావు. ఇరవైమూడో ఆట పద్నాలుగో ఎత్తులో తెల్లరాజు రెండు గళ్ళు ముందుకూ ఒక గడి పక్కకూ గెంతాడు! రాజన్నవాడు ఒక్క గడి జరగాలి గాని, గుర్రంలాగా గెంతడమేమిటి? పైగా ఆ తొమ్మిది ఆటల్లోనే ఎదుటి మనిషి పేరు లేదు.

అంటే గురువుగారు ఆడని ఆటలను ఆడినట్టు కల్పించి రాశారా? సోమవారానికి పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. ఆ మాట ముందుమాటలో రాస్తే, పోయిన మనిషి అబద్ధాలకోరుగా మిగిలిపోతారు. రాయకపోతే, అబద్ధాలకోరు తానవుతారు.

వరండా గచ్చు మీద గణపతిరావుగారు వేయించుకున్న గళ్ళలోనే ఏదైనా తేడా ఉందేమో చూద్దామని శనివారం బయలుదేరారు. ఘాట్‌రోడ్డులో లారీ అడ్డం తిరిగి బస్సు మూడు గంటలు ఆగింది. ఆయన బంగళా మెట్లెక్కేసరికి డిసెంబరు మంచూ చీకటీ కలిసి దిగాయి.

టార్చి వెలుగులో లెక్కపెట్టారు. ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు. తేడా లేదు.

సంచిలోంచి పావులు తీసి, ఇరవైమూడో ఆటను మొదటినుంచీ ఆడుకుంటూ వచ్చారు. పద్నాలుగో ఎత్తు దగ్గర చెయ్యి ఆగింది. రాజును పట్టుకున్నారు... వదిలేశారు.

"అసాధ్యం," అన్నారు పైకే.

తలుపు లేని గదిలోంచి ఎవరో ఊపిరి వదిలారు.

"గెంతించండి బాబూ... గెంతుతాడు."

తరువాత ఏ వస్తువు ఎక్కడ పడిందో చెప్పడం సులువు. టార్చి వరండాలో, కుడికాలి చెప్పు మెట్ల మీద, మాస్టారు కాఫీ మొక్కల మధ్య. మిరియాల తీగ ఒకటి చెంప మీద చరిచింది. ప్రార్థన మొదలుపెట్టారు గాని, రెండో వాక్యానికల్లా పెదవుల మీద బంట్లూ శకటాలూ దొర్లుతున్నాయి. వెనక అడుగుల చప్పుడు... తేలికైన, చెప్పులు లేని అడుగులు... దగ్గరౌతున్నాయి...

"ఆగండి బాబూ. సెప్పొకటి ఒగ్గేసినారు."

దెయ్యాలు చెప్పులు తెచ్చివ్వవన్న తర్కం ఆయనకు అప్పుడు తట్టింది. ఆగారు. తిరిగి చూస్తే — దుప్పటి కప్పుకున్న ముసలావిడ. ఒక చేత టార్చి, ఒక చేత చెప్పు. నవ్వాపుకోలేక ఊపిరందడం లేదు.

పేరు సోములమ్మ. ఆ బంగళాలో ముప్పై ఏళ్ళు వంట చేసిన మనిషి, దిగువ గూడెంలో ఉంటుంది. వరండాకు తిరిగి వచ్చాక ఆవిడే చెప్పింది. వాళ్ళ అయ్య ఆమెకు నేర్పిన ఆటలో, ఎదుటివాడు "రాజు" అని బెదిరించనంతవరకూ, రాజుకు ఒక్కసారి గుర్రంలాగా గెంతే హక్కుంది. ఆఫీసర్లతో గణపతిరావుగారు పుస్తకం ప్రకారమే ఆడేవారు. ఆమెతో మాత్రం ఆమె లెక్క ప్రకారం ఆడారు. తొమ్మిదింటిలో ఏడు ఓడారు. ఓడినవీ రాసుకున్నారు.

మరి పేరెందుకు రాయలేదని మాస్టారు గద్దించినట్టే అడిగారు.

"నానే వొద్దన్నాను. అన్నం ఎందుకు మాడిందో తోటంతా తెలిసిపోదేటి?"

పొద్దు వాలాక వచ్చి రెండువైపులా తానే ఆడుకుంటుందట. దెయ్యమన్న పుకారునూ ఆవిడ ఖండించలేదు.

"అననీండి. నేదంటే పిల్లగుంటలొచ్చి ఇక్కడ క్రికెట్టాడేత్తారు."

మాస్టారు నవ్వారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. కింద ఆఖరి జీపు హారన్ కొట్టేదాకా ఇద్దరూ ఆవిడ లెక్కనే ఒక ఆట ఆడారు. ఆట ఆగిన చోట పావులున్న తీరును మాస్టారు కాగితం మీద దించుకుని, తన ఎత్తు పోస్టులో పంపుతానన్నారు.

పుస్తకంలో తొమ్మిది ఆటలూ ఉన్నవి ఉన్నట్టే అచ్చయ్యాయి, ఈసారి ఆవిడ ఒప్పుకోగా, సోములమ్మ పేరుతో. రాజు గెంతే హక్కును వివరిస్తూ మాస్టారు ముందుమాటలో ఒక పేజీ రాశారు. తన ఎత్తునూ గర్వంగానే పోస్టు చేశారు.

నెల తిరిగాక, సోములమ్మ మనవరాలు రమణి చేతిరాతతో ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే వాక్యం — "రాజు, గుర్రంలాగా, ఎడమవైపు."

పావులు పేర్చి చూశారు. ఆవిడ రాజు పక్కకు గెంతగానే, అంతసేపూ అతని వెనక నోరు మూసుకుని కూర్చున్న ఏనుగుకు దారి తెరుచుకుంది... తిన్నగా మాస్టారి రాజు మీదికి. కదలడానికి గడి లేదు.

రమణి రెండుసార్లు ఫోన్ చేసింది. ఆలోచిస్తున్నానని చెప్పారు.

ఆ ఉత్తరానికి మాస్టారు ఇంతవరకూ జవాబు రాయలేదు.