ఆఖరు ఎవరు?

ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి దాకా కారుతున్నా బ్లాస్ తుడుచుకోవడం లేదు. రేవు గట్టు మీద బెంచీలో కునుకు తీస్తున్నాడనుకుని ఓడ దిగిన యాత్రికులు పక్కనుంచి నవ్వుకుంటూ వెళ్లిపోతున్నారు. గూఢచారి శాఖలో అతనితో కలిసి పనిచేసే ఫ్లోరెంటినా కొనేసా మాత్రం పరుగెత్తింది. నిద్రపోతున్న మనిషి చెవి వెనక అంత ఎర్రటి సూదిపోటు ఉండదు.

మూడూ పది. ఓడ ఐదింటికి బయలుదేరుతుంది.

"బ్లాస్, కళ్లు తెరువు. ఎవడు?"

అతని నాలుక అప్పటికే మొద్దుబారింది. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. "చిప్ చేతులు మారింది. తీసుకున్నవాడిది టూరిస్టు వేషం. ఛాతీ మీద పద్నాలుగో నంబరు స్టిక్కర్. కానీ మనవాడే, ఫ్లోరా. దొంగ మైకులో వాడు మన భాష మాట్లాడటం విన్నాను. ఆ గొంతు నాకు తెలుసు."

"ఎవరిది?"

పేరు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. అంబులెన్స్ అతన్ని తీసుకెళ్లేసరికి ఊపిరి మాత్రం మిగిలింది, స్పృహ లేదు.

ఫ్లోరెంటినా భయం బ్లాస్ కోసమే కాదు. ప్రతి జలాంతర్గామికీ నీళ్లలో తనదైన చప్పుడు ఉంటుంది, మనిషికి గొంతు ఉన్నట్టు. ఆ చప్పుడు రికార్డు శత్రువు చేతికి చిక్కితే సముద్రంలో ఏ మూల దాక్కున్నా ఒక్కటే. మెడలో గంట కట్టిన మేకను పులుల అడవిలోకి తోలినట్టే. స్పెయిన్ రేవు ఊరు కార్తహేనాలో, నౌకాదళం యార్డు ఇంజనీరు ఒకడు పొద్దున అలాంటి రికార్డునే చిప్‌లో ఎక్కించి అమ్మేశాడు. మధ్యాహ్నానికల్లా దొరికిపోయాడు కూడా. కొన్నది ఎవరంటే అతనికి తెలిసింది ఒక్క మారుపేరే. నీటికాకి.

ఆ చప్పుడు తాలూకు జలాంతర్గామి పన్నెండింటికే రేవు దాటింది. నలభై మూడు మంది. ఇరవై రోజుల దాకా బయటి నుంచి ఏ కబురూ అందుకోదు, వెనక్కి పిలిచే దారే లేదు. అందులో వంటవాడు హినేస్ ఫ్లోరెంటినా తమ్ముడు. పొద్దున గేటు దగ్గర అక్క బుగ్గ గిల్లి, వచ్చాక చేపల అన్నం వండి పెడతానని చెప్పి వెళ్లాడు. కిందటేడు ఇలాగే చప్పుడు అమ్ముడుపోయిన ఒక మిత్రదేశపు జలాంతర్గామి ఇప్పటికీ తిరిగి రాలేదు.

మూడున్నరకి మిరేలా కలిసింది. ఓడలో పాటగత్తె. ఆకుపచ్చ పట్టు గౌను, నల్ల కళ్లద్దాలు. అటు శత్రువుల ముఠాకీ ఇటు స్పెయిన్ గూఢచారి శాఖకీ కబుర్లు మోస్తుందని రెండు వైపులకీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టే ఉంటారు.

"పద్నాలుగో గుంపు అంటే బస్సులో రోమన్ థియేటర్ చూసొచ్చినవాళ్లు," అంది లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. "ముప్ఫై ఎనిమిది మంది. ఒంటరిగా వచ్చిన మగాళ్లు నలుగురే. ఇదిగో పేర్లు."

"నిన్నెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు. కానీ నీ దగ్గర ఇంకో లిస్టు లేదు కదా తల్లీ."

లేదు మరి.

నాలుగింటికి నలుగురినీ టెర్మినల్ వెనక గదిలో కూర్చోబెట్టింది. ముందుగా కెనడా బడిపంతులు వచ్చాడు. తరవాత పోలండ్ పళ్ల డాక్టరు. మూడోవాడు డెన్మార్క్ నుంచి వచ్చిన హెన్రిక్ డాల్స్‌గార్డ్, పియానోలు శ్రుతి చేసే వృత్తి మానేసిన ముసలాయన. చెవిలో వినికిడి యంత్రం, ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడిగించుకున్నాడు. అందరికంటే ఆలస్యంగా, గొణుక్కుంటూ వచ్చింది పసుపు చొక్కా వేసుకున్న డచ్చి కుర్రాడు.

సంచులు వెతికారు. బూట్ల మడమలు ఊడదీశారు. స్కానర్ చప్పుడు చేసిందల్లా ఫోన్ల దగ్గరా వాచీల దగ్గరా ముసలాయన చెవి దగ్గరా. పాస్‌పోర్టులన్నీ అసలువే. వేలిముద్రల జవాబు రేపటికి గానీ రాదు. మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి స్పానిష్‌లో ప్రశ్న వేసింది. నాలుగు మొహాల్లో ఒక్కటీ కదల్లేదు.

ఇక ఆమె చేతిలో ఒకే పరీక్ష మిగిలింది. దెబ్బ తగిలిన మనిషి పుట్టిన భాషలోనే తిడతాడని ఆమెకూ బ్లాస్‌కూ నేర్పినది కమాండర్ అమడోర్ పగాన్. పదేళ్లు వాళ్ల గురువు. నాలుగేళ్ల కిందట కాబో దె పాలోస్ దగ్గర సముద్రంలో ఈతకి దిగి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. ఆఫీసు గుమ్మం పక్కన ఆయన పేరు చెక్కిన పలక ఉంది. ఏటా నవంబరులో, పోయినవాళ్లని తలుచుకునే పండగకి, దాని కింద పువ్వులు పెట్టేది ఫ్లోరెంటినాయే.

కాఫీ పళ్లెం తెచ్చి, కాలు తట్టుకున్నట్టు నటించి, నలుగురి ఒళ్లోనూ ఒలకబోసింది. ఇంగ్లీషులో ఒక తిట్టు. పోలిష్‌లో రెండు. డేనిష్‌లో ఒకటి, చాలా పొడుగుది. డచ్చిలో లెక్కలేనన్ని.

నాలుగూ ఇరవై ఐదు. ఆమె పైఅధికారి కర్నల్ రోస్ ఫోన్ చేశాడు. రెండు రాయబార కార్యాలయాలు అప్పుడే తగులుకున్నాయట, ఓడ కెప్టెన్ మంత్రిగారి దాకా వెళ్లాడట. ఆధారం చూపించు, లేకపోతే ఐదు నిమిషాలు తక్కువ ఐదుకి వదిలెయ్ అన్నాడు.

"సార్, నలభై మూడు మంది."

"నాకూ లెక్కొచ్చమ్మా. నీ తమ్ముడున్నాడనీ తెలుసు. అనుమానం మీద నలుగురు విదేశీయుల్ని ఆపలేను."

ఆమె బయటికొచ్చి గోడకి ఆనుకుంది. జూన్ ఎండ. తమ్ముడి నవ్వు కళ్ల ముందు మెదిలింది. ఎదురుగా, మధ్యాహ్నం మూసిన మందుల షాపు అప్పుడే మళ్లీ తెరిచారు. ఎవరూ వరసలో నిలబడలేదు. ఒకావిడ చెట్టు నీడలో, ఒకాయన మెట్ల మీద, ఇంకొకరు కారులో. ఒక తల్లి పసిపిల్లతో వచ్చి ఎవరివంకా చూడకుండా, "ఆఖరు ఎవరు?" అని గాలిలోకి అడిగింది. మెట్ల మీదాయన పేపర్లోంచి తల ఎత్తకుండా ఒక వేలెత్తాడు. ఆమె వెళ్లి తనకో నీడపట్టు వెతుక్కుంది. అంతే. ఎవరి వెనక ఎవరో అందరికీ తెలుసు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి ఇది ఎవరూ నేర్పరు. ఊపిరి పీల్చడం లాంటిది.

ఫ్లోరెంటినా ఆ ఎత్తిన వేలు వంకే చూస్తూ ఉండిపోయింది.

తిట్లకి శిక్షణ ఉంటుంది. దీనికి ఎవడిస్తాడు?

గట్టు మీద విసనకర్రలు అమ్మే ఫుయెన్‌సాంతా దగ్గరికి పరుగున వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి, నోరు పెద్దది. సంగతి వినగానే మొహం చిట్లించింది.

"పొద్దున్నుంచి ఒక్క విసనకర్ర పోలేదు. ఇప్పుడు నాటకాలు కూడా ఆడమంటావా అమ్మాయ్?"

"నాటకం వద్దు పిన్నీ. రోజూ చేపల కొట్లో అడిగినట్టే అడుగు. మొదటిసారి మామూలుగా. రెండోసారి గొణిగినట్టు."

"ఎవరూ పలక్కపోతే?"

"పలక్కపోతే నా తమ్ముడు లేడనుకో."

ముసలిది ఉల్లికాడలు బయటికి తొంగిచూస్తున్న కూరగాయల సంచీ తీసుకుని లేచింది.

నాలుగూ యాభై. ఓడ మొదటి కూత వేసింది. అదే సమయానికి ఓడకి వేసిన నడక వంతెన మధ్యలో మిరేలా కాలు మడత పడి, పట్టు గౌనుతో సహా అడ్డంగా కూలబడింది. డాక్టర్ని పిలిస్తే తప్ప కదలనంది. ఆ నొప్పి నిజమో కాదో ఫ్లోరెంటినాకి ఎప్పటికీ తెలియలేదు.

వెనక గదిలో నలుగురూ నాలుగు మూలల కుర్చీల్లో ఉన్నారు. ఫ్లోరెంటినా బల్ల దగ్గర కాగితాల మీద సంతకాలు చేస్తూ, అందరినీ వదిలేస్తున్నట్టు, ఓడిపోయిన మొహంతో కూర్చుంది. ఆ మొహం పెట్టడానికి నటించాల్సిన పని లేకపోయింది.

తలుపు తోసుకుని ఫుయెన్‌సాంతా వచ్చింది. చెమట తుడుచుకుంది.

"అందరికీ నమస్కారం. ఆఖరు ఎవరు?"

పంతులు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. పళ్ల డాక్టరు అర్థం కానివాళ్లు నవ్వినట్టు మర్యాదగా నవ్వాడు. అసలు ఆఖరున వచ్చిన డచ్చి కుర్రాడు పైకప్పు చూస్తున్నాడు. ముసలాయన డేనిష్ పత్రిక చదువుకుంటున్నాడు.

ఎవరూ పలకలేదు. గోడ గడియారం ముల్లు ఒక గడి జరిగింది. కార్తహేనాలో ఆ ప్రశ్నని అలా గాలిలో వదిలెయ్యరు. జవాబు పడే దాకా అది గదిలో ఈగలా తిరుగుతూనే ఉంటుంది. ఫ్లోరెంటినా కలం ఆగిపోయింది. నాలుగూ యాభై నాలుగు. అయిపోయింది, హినేస్, అయిపోయింది రా.

ఫుయెన్‌సాంతా నిట్టూర్చింది. సంచీ చెయ్యి మార్చుకుంది. తనలో తను గొణుక్కుంది. "ఆఖరు ఎవరయ్యా అంటే..."

పత్రిక వెనక నుంచి ఒక బొటనవేలు లేచి, భుజం మీదుగా మూలనున్న పసుపు చొక్కా వైపు చూపించింది.

"ఆ అబ్బాయమ్మా."

విసుగు లేని, ఊరి యాసలో ముంచి తీసిన స్పానిష్. చెప్పి పేజీ తిప్పబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

ఫ్లోరెంటినా ముసలాయన మొహంలోకి చూసింది. ముక్కు మారింది, దవడ మారింది, కళ్ల రంగు మారింది. గొంతు మాత్రం పదేళ్లపాటు ప్రతి ఉదయం ఏడింటికి ఆమెకి ఆ రోజు పని అప్పజెప్పిన గొంతే.

ముసలాయన చెయ్యి జేబులోని కలం వైపు జారింది. ఆమె బల్ల దాటి వచ్చి ఆ మణికట్టుని కుర్చీ చేతికి వేసి నొక్కింది. కలం కింద పడింది. ములుకు స్థానంలో సూది ఉంది. రెండో చేత్తో అతని చెవిలోని యంత్రం లాగింది. మూత విప్పితే లోపల బ్యాటరీ లేదు. గోరంత నల్లటి చిప్ ఉంది.

బయట ఓడ రెండో కూత వేసింది. హినేస్ చప్పుడు ఆమె అరచేతిలో, వెచ్చగా, భద్రంగా ఉంది.

"ఓడలోనే ఉండిపోవచ్చు కదా," అంది మెల్లగా. "చిప్ తీసుకోడానికి ఎవరినైనా పంపొచ్చు కదా."

అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాలుగేళ్లయింది. ఒక్క పూట ఊరు చూడాలనిపించింది," అన్నాడు.

బల్ల మీద ఫోన్ మోగింది. కర్నల్ రోస్. టైమైపోయిందని, వదిలేశావా లేదా అని అరుస్తున్నాడు.

"నీటికాకి దొరికాడు సార్."

"ఎవరమ్మా వాడు? పేరు చెప్పు."

ఆమె ఫోన్ పక్కన పెట్టి, తాను నాలుగేళ్లు పువ్వులు పెట్టిన మనిషి వైపు తిరిగింది. గది మొత్తానికి వినపడేలా పలికింది.

"కమాండర్ అమడోర్ పగాన్. లేవండి సార్, మీ వంతొచ్చింది."