మామయ్య చిరునామా

పెళ్లై మూడు నెలలైనా నెరేయిదాకి పొద్దున్నే వంటింట్లోకి రావడం పండగలాగే ఉంది. చూపులేని మామగారు తియొడొరొ, నీళ్ల చప్పుడు విని మరుగు కనిపెట్టేవారు. గుడ్డసంచిలో కాఫీ వడకట్టి, ఒక్క చుక్క ఒలకకుండా కోడలి కప్పు నింపేవారు. మొదటి గుక్కకి ఆమెకి రోజూ నవ్వొచ్చేది.

ఆ రోజు కాఫీ వాసన లేదు. మామగారు బూట్లు తొడుక్కుని పెట్టె పక్కన కూర్చున్నారు. నిన్న ఓర్లాండో నుంచి వచ్చిన ఆడపడుచు మిగ్దాలియా పెట్టెకి చీటీ కడుతోంది.

"ఇదేంటి వదినా?"

"మధ్యాహ్నం విమానానికి నాన్నని తీసుకెళ్తున్నా. నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రభుత్వమిచ్చే వికలాంగుల సాయం నెలనెలా వచ్చింది. మీ పెళ్లికొచ్చి ఇక్కడే ఉంటానన్నారు. పైగా ఆ సాయమిచ్చే ఆఫీసుకి కొత్త చిరునామా రాసి పంపారు, మహా నిజాయితీపరుడు! వాళ్లు సాయం ఆపేశారు."

"అబద్ధం రాయమంటావా?" అన్నారు తియొడొరొ. "అదే దేశం, అదే పాస్‌పోర్టు అనుకున్నా. మన దీవిలో ఉండేవాళ్లకి ఆ సాయం వర్తించదట. సముద్రం దాటి ఇటొస్తే నాకు చూపొచ్చేసిందా?"

"మా జీతాలతో నడుపుకుంటాం అక్కా," అన్నాడు నెరేయిదా భర్త ఎలియేసర్.

"మందులకే సగం పోతుందిరా! ఎన్నాళ్లు?"

"నేను వెళ్తాలే," అన్నారు తియొడొరొ. "పిల్లల మీద బరువెందుకు?"

ఆయన చొక్కా జేబులోంచి కాఫీ గుడ్డ తొంగిచూస్తోంది. నెరేయిదా దాన్ని వేలితో తాకింది.

"అది కూడా తీసుకెళ్తున్నారా మామయ్యా?"

"ఊరికే, దగ్గరుంటుందని. అక్కడ కాఫీకి మిషనుంది. నాకు పనుండదు."

మిగ్దాలియా చేతులు ఆగాయి. "నాలుగేళ్లలో ఒక్కసారి చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు అంత ప్రేమగా బొత్తాం నొక్కేదానివి మరి."

మిగ్దాలియా మొహం తిప్పుకుంది.

నెరేయిదా కుర్చీ లాక్కుని మామగారి ఎదుట కూర్చుంది. "మీరు బరువా? మీరెళ్తే మీ అబ్బాయి కాఫీ తాగాలి నేను. కాపురం నిలుస్తుందా?"

"ఏయ్!" అన్నాడు ఎలియేసర్.

"తప్పు మీది కాదు, ఆ చట్టానిది. ఈ వీధిలోనే ఇలాంటివాళ్లు ఆరుగురున్నారు. అందరి తరఫునా చట్టసభకి ఉత్తరం రాద్దాం. నేను రాస్తా, మీరు చెప్పండి."

తియొడొరొ నిటారుగా కూర్చున్నారు. "రాయమ్మా. నా హక్కు కోసం నేను విమానం ఎక్కను, అదే ఎక్కి నా దగ్గరికి రావాలి అని రాయి."

మిగ్దాలియా కళ్లు తుడుచుకుంది. పెట్టె మీది చీటీ పర్రున చింపింది. "మొదటి సంతకం నాది. దేశ చట్టసభ ఎన్నికల్లో దీవిలో ఉండే మీకు లేని ఓటు నాకక్కడుంది. మా ప్రతినిధి వినకపోతే అప్పుడు చెప్తా ఆయన పని. అందాకా మందులు నేను కొంటా. మాట్లాడకు తమ్ముడూ!"

తియొడొరొ బూట్లు విప్పి, తడుముకుంటూ వెళ్లి స్టవ్ వెలిగించారు.

"పైన చిరునామా ఏది వేయను మామయ్యా?"

"ఈ ఇంటిదే. ఇంకేది?" అని, ఆయన నీళ్ల గిన్నె వైపు చెవి వంచారు. "ష్... మరుగుతున్నాయి. కప్పులు నాలుగు తే."