రెండూ కలిపి వాడొద్దు

"మేడమ్, కాస్త మెల్లగా! లోపల ఒకాయనకు చెవి పరీక్ష చేస్తున్నాను. మీ గొంతు తప్ప ఆయనకింకేం వినబడటం లేదు."

ఆమె తలెత్తి చూసింది. ఎదుటి గది గుమ్మంలో తెల్లకోటు వేసుకున్న సన్నటి యువకుడు. ఆమె బల్ల ముందు మందుల చీటీ పట్టుకుని ఒక పెద్దాయన.

"ఈయనకు వినబడాలి కదండీ! మీరిచ్చిన చెవి మెషిన్ పనిచేస్తే నేనెందుకు అరుస్తాను?"

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మెషిన్ జేబులో ఉందమ్మా. పెట్టుకుంటే ఇంట్లో అందరి మాటలూ వినాల్సొస్తోంది."

వరండాలో కూర్చున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. అతను నవ్వాపుకోలేక తలుపేసుకున్నాడు. ఆమె మాత్రం ఆ తలుపు మూసుకునేదాకా బింకంగా ఉండి, తర్వాత నవ్వింది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వరండా ఆమెకు కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. ఆరోగ్య కేంద్రం కింది అంతస్తు. కిటికీ పక్కన ఆమె బల్ల. వానొస్తే జల్లు సగం బల్ల మీదే పడేది. పెద్దవాళ్ళకు మందుల మీద తగ్గింపులు ఇప్పించడం ఆమె ఉద్యోగం. వినడానికి ఎంత సులువో, చేయడానికి అంత తలనొప్పి. ఒక కార్డు ఈ షాపులో చెల్లుతుంది, పక్క షాపులో చెల్లదు. ఒకదానికి డాక్టరు సంతకం కావాలి. ఇంకొకటి ఏటా మళ్ళీ రాయించుకోవాలి. అదే మందు వేరే కంపెనీది చవగ్గా ఇప్పిస్తే, "డబ్బా రంగు వేరుగా ఉందమ్మా, ఇది నాది కాదు" అని మర్నాడే వెనక్కి పట్టుకొచ్చేవారు.

అందరూ ఆమెను కార్డమ్మాయి అనేవారు, అతణ్ణి చెవుల డాక్టరు అనేవారు. "డాక్టర్ని కాదండీ, టెక్నీషియన్ని" అని అతనెంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టేవారు కాదు.

సంగీతం టీచరుగారు ఆ ఇద్దరి దగ్గరికీ వచ్చేవారు. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి. తగ్గింపు అంటే దానమేమోనని ఆవిడ అనుమానం.

"ఒకరి దయ మీద మందులు మింగలేనమ్మా."

"దయేంటి టీచర్? ఇన్నాళ్ళు పనిచేశారు. మీకు రావాల్సిందే అడుగుతున్నాం" అని ఆమె నచ్చజెప్పి, బతిమాలి, చివరికి ఒప్పించింది. పెన్షనర్ల కార్డూ, మందుల కంపెనీ కార్డూ రెండూ ఆవిడ చేతిలో పెట్టింది. "ఈ రెండూ కలిపి వాడొద్దు టీచర్. ఏదో ఒకటే." ఆవిడ బుద్ధిగా తలూపారు.

కొన్నాళ్ళకు ఒక వాన మధ్యాహ్నం, అతను తలుపు తోసుకుని విసురుగా బయటికొచ్చాడు.

"టీచరుగారికి ఏం చెప్పారు మీరు?"

"ఏం చెప్పాను?"

"ఆవిడ పాదాలు చూడండి, చెప్పులు పట్టడం లేదు. రెండు మాటలకే ఆయాసం. గుండె మాత్రా, ఒంట్లో నీరు తీసే మాత్రా కలిపి వాడొద్దని కార్డమ్మాయి చెప్పింది, అందుకే ఒకటి మానేశానంటున్నారు!"

ఆమె కుర్చీలోంచి లేచింది. "నేను... నేను కార్డుల గురించి చెప్పానండీ."

అతను ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. "పదండి. ముందు పైన డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

లిఫ్టు దాకా చక్రాల కుర్చీ అతను తోశాడు. టీచరుగారి చెయ్యి పట్టుకుని ఆమె పక్కనే పరుగెత్తింది. "సమయానికి తెచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది" అన్నాడు డాక్టరు.

సాయంత్రం ఖాళీ వరండాలో ఆమె బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"రేపట్నుంచి నేను రానండీ."

"మీరు రాకపోతే ఆ గోడకు ఒక ఫోన్ నంబరు అతికించి చేతులు దులుపుకుంటారు. మన పెద్దాయన మెషిన్ జేబులో పెట్టుకుని ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు. బాగుంటుందా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకు. "మధ్యాహ్నం నన్ను తిట్టడానికేగా వచ్చారు?"

"అందుకే వచ్చాను. మీ మొహం చూశాక మర్చిపోయాను." అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పడం మానకండి. చెప్పింది వాళ్ళ నోట మళ్ళీ చెప్పించుకోండి. నేను రోజూ చేసేది అదే."

మర్నాడు ఆమె వచ్చింది. అతని తలుపు ఆ రోజు నుంచి తెరిచే ఉండేది. గాలి ఆడటం లేదని సాకు. ఆమె ఏ పెద్దాయనకో మూడోసారి ఓపిగ్గా చెబుతుంటే, లోపలి నుంచి చూస్తుండేవాడు. ఆమె చూడగానే చేతిలోని చిన్న స్క్రూ డ్రైవర్ను మహా శ్రద్ధగా తుడిచేవాడు.

కోలుకుని తిరిగొచ్చిన టీచరుగారు ఒకరోజు ఉండబట్టలేక అనేశారు. "ఏమయ్యా, ఊరందరి చెవులూ చూస్తావు. నీ పేరెత్తగానే ఈ పిల్ల గొంతు మారిపోతుంది. అది నీకు వినబడదా?"

ఇద్దరూ తలొంచుకున్నారు.

తర్వాతి వానాకాలంలో ఆ బల్ల ఎత్తేశారు. కార్డుల పనంతా ఇక ఫోన్లోనేనట. ఆఖరి రోజు పెద్దవాళ్ళందరూ వచ్చి కూర్చుని, కదలమంటే కదల్లేదు. వాళ్ళను పంపి ఆమె బస్టాపుకు వచ్చేసరికి ఒకటే వాన. గొడుగు లేకుండా అతను పరుగెత్తుకొచ్చాడు.

"హెడ్డాఫీసులో కూర్చుంటారన్నమాట."

"ఊఁ. చెవికి వైరు తగిలించి."

"నాకు ఫోన్ చేస్తారా?"

"మీకు మందులేం లేవుగా. కార్డెందుకు?"

"కార్డు కోసం కాదండీ." అతను మొహం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. "మీరు లేని ఆ వరండాలో నేనుండలేను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు."

బస్సు వచ్చి ఆగింది. "ఎక్కుతారా, లేదా?" డ్రైవరు కేకేశాడు.

"లేదు!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

బస్సు వెళ్ళిపోయాక ఆమె మెల్లగా అడిగింది. "మా అమ్మతో ఎప్పుడు మాట్లాడతారు?"

"ఎప్పుడు రమ్మంటే అప్పుడు."

"ఇప్పుడు."

"ఇలా తడిసి ముద్దయ్యా?"

"ఆరేదాకా ఆగితే మీ ధైర్యం కూడా ఆరిపోతుంది."

ఆమె తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. ముక్తసరి మనిషి. అయినవాళ్ళను తప్ప ఎవరినీ నువ్వు అనదు. కూరలు అమ్మేవాణ్ణి కూడా మీరనే అంటుంది. తలుపు తీసి, నీళ్ళోడుతున్న ఇద్దర్నీ చూసింది. అతను దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, "నమస్కారమండీ" అని ఊరుకున్నాడు.

ఆవిడ కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"లోపలికి రా బాబూ. ముందు తల తుడుచుకో."

అతనికి ఏమీ అర్థం కాలేదు. తువ్వాలు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. గుమ్మం అవతల నిలబడ్డ ఆమెకు మాత్రం అర్థమైంది. అమ్మ ఒప్పుకుంది.